నీళ్లు తాగే డ్యూటీ

డాక్టరమ్మ మాత్రను రేకులోంచి తీయకుండానే బల్ల మీద పెట్టింది. చిటికెన వేలి గోరులో సగం కూడా లేదది.

"ఇంతేనా?" అంది విజిలక్క.

ఆమె సిటీ బస్సు కండక్టరు. ఒకసారి బస్సులో గంట తాడు తెగిపోతే, నోట్లో రెండు వేళ్లు పెట్టి విజిళ్లు వేస్తూ ఆ పూట డ్యూటీ లాగించేసింది. మర్నాడు తాడు బాగైంది కానీ పేరు అలాగే ఉండిపోయింది. కోపం వచ్చినప్పుడు ఇంట్లో భర్త కూడా విజిలక్కా అనే పిలుస్తాడు. పెళ్లాన్ని అక్కా అనొచ్చా అని ఎవరైనా అడిగితే, కోపంలో వరసలేం కనబడతాయి అంటాడు.

"ఇంతే. పని మాత్రం పెద్దది," అంది డాక్టరమ్మ. "మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక గడువుంటుందమ్మా. పాతబడినా పాడైనా దానంతట అదే చచ్చిపోవాలి. ఆ ఏర్పాటు దాని లోపలే ఉంటుంది. మీ రక్తంలో అడ్డగోలుగా పెరిగిపోయిన కణాల్లో ఒక ప్రోటీను ఆ ఏర్పాటును గట్టిగా నొక్కిపట్టి ఉంచుతోంది. అందుకే అవి చావవు, పోగుపడిపోతున్నాయి. మీ మెడ దగ్గర గడ్డలు అవే. ఈ మాత్రలో ఉన్నది చాలా చిన్న అణువు. అది వెళ్లి ఆ ప్రోటీను గుప్పిట్లో దూరి కూర్చుంటుంది. పట్టు సడలుతుంది. కణం తన చావు తాను చస్తుంది."

"అంటే ఇది చంపదా?"

"చంపదు. చావుకు అడ్డుపడేదాన్ని అడ్డుకుంటుంది."

విజిలక్క మెడ కింద గడ్డను వేలితో తడుముకుంది. పోయిన ఏడు ఎక్కించిన మందులకు జుట్టంతా ఊడి మళ్లీ మొలిచింది. గడ్డలు కూడా అలాగే కరిగి మళ్లీ మొలిచాయి.

"ఒకటే చిక్కు," అంది డాక్టరమ్మ. "చచ్చేవన్నీ ఒక్కసారిగా చస్తే వాటి చెత్తంతా రక్తంలోకి వస్తుంది. దాన్ని బయటికి తోసే పని కిడ్నీలది. వాటికి నీళ్లు కావాలి. నీళ్లు చాలకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే చిన్న డోసుతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ పోతాం. పెంచినప్పుడల్లా ఆ రోజు ఇక్కడే ఉండాలి, మర్నాడు పొద్దున రక్తం ఇచ్చి వెళ్లాలి. ఇవన్నీ పూర్తయ్యేదాకా రోజుకు మూడు లీటర్ల నీళ్లు. తగ్గకూడదు. నీళ్లు బాగా తాగే అలవాటుందా?"

"ఉందండి."

పక్క కుర్చీలో ఉన్న భర్త దగ్గాడు. ఆయన కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. గోళ్ల సందుల్లో నూనె మరక ఎప్పుడూ పోదు. ఆ చేతుల్ని ఒళ్లో దాచుకుని అన్నాడు. "దాహమేస్తే పెదాలు తడుపుకుంటుందండి. దాన్ని తాగడం అంటే నీళ్లే సిగ్గుపడతాయి."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది మందుతో సమానం. మాత్ర మర్చిపోయినా ఫోన్ చేస్తే సర్దుతాను. నీళ్లు మర్చిపోతే నేను సర్దలేను."

"డ్యూటీకి వెళ్లొచ్చా?"

"ఓపికుంటే వెళ్లండి. సీసా మాత్రం వదలొద్దు."

"వదలను," అంది విజిలక్క. ఆ క్షణాన నిజంగానే అనుకుంది.

*

మాత్ర మింగిన రోజు ఏ ఇబ్బందీ లేదు. వార్డులో నర్సు గంటగంటకూ వచ్చి గ్లాసు చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడింది. బాత్రూం పది అడుగుల్లో ఉంది. మర్నాడు పొద్దున రక్తం ఇచ్చి, టిక్కెట్టు మిషను పట్టీ మెడలో వేసుకుని, విజిలక్క బస్సెక్కింది.

నీళ్లు తాగకుండా ఉండటం ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న పని. పొద్దున ఇంట్లో అరగ్లాసు. బస్సులో నాలుక ఎండితే ఒక గుక్క నోట్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కొంచెం మింగి మిగతాది కిటికీలోంచి ఊసేయడం. రద్దీలో సీటు కమ్మీకి నడుము ఆనించి నిలబడేటప్పుడు పొట్ట మీద ఒత్తిడి పడకుండా కొంచెం పక్కకు తిరగడం. పొద్దున బయల్దేరిన బస్సు మధ్యాహ్నం దాకా డిపో మొహం చూడదు. డిపోలో బాత్రూం ఉంది. చివరి స్టాపులో లేదు.

లేదని కూడా కాదు. చివరి స్టాపులో బస్సుల టైములు చూసే కంట్రోలరు గది వెనక రెండు తలుపులున్నాయి. మగవాళ్లది ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. రెండోదాని మీద ఆడమనిషి బొమ్మ, బొమ్మ కింద గడియ, గడియకు తాళం. ఎండకూ వానకూ ఆ తాళం తలుపు రంగులో కలిసిపోయింది.

ఆ రోజు విజిలక్క కంట్రోలరు కిటికీ దగ్గరకు వెళ్లింది. కంట్రోలరు పెద్దమనిషే. ఎవరినీ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఏ మాట అన్నా తల ఎత్తకుండా అంటాడు, అంతే.

"సార్, ఆ రెండో తలుపు తీయిస్తే బాగుంటుంది. నేను నీళ్లు ఎక్కువ తాగాలట."

"పైనుంచి ఆర్డరు రావాలమ్మా."

"ఎప్పుడొస్తుంది సార్?"

"వచ్చినప్పుడు నేనే చెబుతాగా," అని ఆయన ట్రిప్పు షీటు తిరగేశాడు.

ఈ మాటలు కొత్త కాదు. ఆమె ముందు తరం కండక్టర్లకూ ఇదే జవాబు. కొన్నాళ్లు వెనక వీధిలో ఒకావిడ తన ఇంటి బాత్రూం వాడుకోనిచ్చింది. ఆవిడ ఇల్లు మారాక అదీ పోయింది. గది ముందు బల్ల మీద కొత్త కండక్టరు కూర్చుని ఉంది, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు. కాలు మీద కాలు బిగించి వేసుకుని, పెదవి కొరుక్కుంటోంది. ఆ కూర్చోవడం ఏమిటో విజిలక్కకు వేరే చెప్పక్కర్లేదు.

"అక్కా, ఇక్కడ తెలిసినవాళ్ల ఇల్లేదైనా ఉందా?"

"ఉండేదమ్మా."

ఆ మధ్యాహ్నం విజిలక్క సీసా మూత తీసింది. రెండు గుక్కలు మింగింది. తిరుగు ట్రిప్పులో వంతెన దగ్గర బస్సు చిక్కుకుపోయింది. ముందు ట్రాఫిక్ కదలదు, వెనక కదలదు. ఆపుకోలేక చెమటలు పట్టి, కళ్లు బైర్లు కమ్మి, ఒకాయనకు చిల్లర రెండుసార్లు ఇచ్చింది. ఆయన మంచివాడు కాబట్టి వెనక్కిచ్చాడు. మర్నాటి నుంచి ఆమె సీసా ముట్టుకోలేదు. సాయంత్రం డిపోలో దిగాక నీళ్లు గోడవారన పారబోసేది. ఇంటికొచ్చి ఖాళీ సీసా గట్టు మీద పెట్టేది.

"శభాష్," అనేవాడు భర్త, దాన్ని కడిగి మళ్లీ నింపుతూ.

*

డోసు పెంచాల్సిన రోజు డాక్టరమ్మ ముందుగా మెడ తడిమింది. వేళ్లు ఒకచోట ఆగి, మళ్లీ వెతికి, మళ్లీ ఆగాయి.

"మెత్తబడ్డాయి. మందు పట్టుకుంది," అంది. కంప్యూటరు వైపు తిరిగాక ఆమె మొహం మారింది. "కానీ కిడ్నీ అంకె పెరిగింది. యూరిక్ యాసిడ్ కూడా. నీళ్లు తాగుతున్నారా?"

"తాగుతున్నానండి."

"తాగుతోందండీ," అన్నాడు భర్త, ఎక్కడలేని ధీమాతో. "నేనే నింపి ఇస్తున్నాను. రోజూ సీసా ఖాళీగా వస్తోంది."

ఆయన అంత గట్టిగా తన తరఫున మాట్లాడటం విని విజిలక్క తట్టుకోలేకపోయింది. సంచీ పట్టీని వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"పారబోస్తున్నాను," అంది.

భర్త ఆమె వైపు తిరగలేదు. ఒళ్లో చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఎందుకమ్మా?" అంది డాక్టరమ్మ. కోప్పడాలో వద్దో తెలియని గొంతు.

"చివరి స్టాపులో తాళం ఉందండి."

అర్థం కావడానికి ఇంకో నాలుగు ప్రశ్నలు పట్టింది. అర్థమయ్యాక డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నేను కాగితం రాసిస్తాను, మీ ఆఫీసులో ఇవ్వండి."

"ఏమని రాస్తారు? ఈమెకు మూత్రం వస్తుంది అనా?" అంది విజిలక్క.

డాక్టరమ్మ చేతిలోకి తీసుకున్న పెన్ను మళ్లీ కింద పెట్టేసింది. "చూడండమ్మా, ఈ వారం డోసు పెంచను. పాత డోసే వేసుకోండి. నాలుగు రోజుల తర్వాత మళ్లీ రక్తం చూస్తాను. అంకె దిగితే పెంచుతాను. దిగకపోతే మందు ఆపేస్తాను. మందు తన పని చేస్తోంది. కానీ కిడ్నీలను పణంగా పెట్టి నేనివ్వలేను."

ఇంటికెళ్లాక భర్త, విప్పి పెట్టిన కుట్టు మిషను ముందు కూర్చుని, స్క్రూలన్నీ ఒక మూతలో వేసి గలగలలాడించాడు.

"విజిలక్కా."

"చెప్పు."

"ఉద్యోగం మానెయ్యి."

"మానేస్తే?"

"ఇంట్లో కూర్చుని నీళ్లు తాగు. బాత్రూం తలుపు నేను తీసి పట్టుకుంటా."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుంది. ఆపుకోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

"ఇన్నేళ్లు నోరు కట్టుకుని చేశానయ్యా ఆ ఉద్యోగం. ఇప్పుడు బతకాలంటే నోరు తెరిచి నీళ్లు తాగాలట. తాగాలంటే బస్సు దిగిపోవాలా? నేను దిగను. నీళ్లూ మానను."

"మరి ఎలా?"

"నాకూ తెలీదు. ముందు ఆ సీసా నింపు. పెద్దది."

*

మర్నాడు బస్సు బయల్దేరే ముందు ఆమె డ్రైవరు కిటికీ దగ్గరకు వెళ్లింది. ఆ రూటులో ఎన్నో ఏళ్లుగా ఆయనే డ్రైవరు. ఆమెను చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నా అంటుంది.

"అన్నా, ఈ రోజు నుంచి మధ్యలో రెండుచోట్ల ఆపుతావు. పెట్రోలు బంకు దగ్గర ఒకసారి, లైబ్రరీ దగ్గర ఒకసారి. రెండుచోట్లా ఆడవాళ్ల బాత్రూం ఉంది, అడిగొచ్చాను."

"అవి స్టాపులు కావు చెల్లెమ్మా. టైము తప్పితే ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది."

"గంట కొట్టేది నేను. కొట్టాక ఆపడం నీ డ్యూటీ. ఎవరైనా అడిగితే కండక్టరు కొట్టింది, ఆపాను అను. అబద్ధమేం కాదు."

డ్రైవరు స్టీరింగు మీద బొటనవేలితో తాళం వేస్తూ ఆలోచించాడు. ఆమె మెడ వైపు ఒకసారి చూశాడు. జబ్బు సంగతి ఆయనకు తెలుసు, ఎప్పుడూ ఎత్తలేదు.

"సరే. కొట్టు," అన్నాడు.

డిపో గేటు దాటుతుండగానే ఆమె మూత తీసింది. గుక్క కాదు, గటగటా తాగింది. ముందు సీట్లో కూర్చున్నామె వింతగా చూసింది. స్టాపు స్టాపుకూ టిక్కెట్లు కొట్టడం, తలలు లెక్కపెట్టుకోవడం, తాగడం. కాగితం చుట్ట అయిపోతే మిషను మూత పళ్లతో పట్టుకుని కొత్త చుట్ట ఎక్కించడం, మళ్లీ తాగడం. పెట్రోలు బంకు వచ్చేసరికి పొట్ట రాయిలా బిగిసింది. ఆమె తాడు లాగింది. బస్సు పక్కకు ఆగింది.

"ఏమైంది? పంక్చరా?" వెనక నుంచి ఎవరో అడిగారు.

ఇన్నేళ్లుగా స్టాపుల పేర్లు అరిచిన గొంతే అది. కానీ ఈ మాట అరవడానికి ఆమె ఒక్కసారి గాలి పీల్చుకోవాల్సి వచ్చింది.

"ఐదు నిమిషాలు ఆగుతుంది. నేను బాత్రూంకి వెళ్లాలి. ఇంకెవరికైనా అవసరముంటే రండి."

చేతిలో తోలు సంచీ ఉన్న ఒకాయన ఒంటికాలి మీద లేచాడు. "ఇదేం పద్ధతమ్మా? సొంత బండి అనుకున్నావా? నాకు ఆఫీసు టైమైపోతోంది."

విజిలక్క జవాబు చెప్పేలోగా మూడో సీట్లోంచి ఒక ముసలామె లేచింది. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కొంగు పట్టుకుని ఆయన పక్కనుంచి దారి చేసుకుంది. "జరుగు నాయనా. నీ ఆఫీసు అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. నేను బయల్దేరినప్పట్నుంచీ ఆపుకున్నాను." ఆమె వెనక ఇంకో ఇద్దరు దిగారు.

ఆ రోజు బస్సు ఆలస్యంగా చేరింది. మర్నాడూ ఆలస్యమే. లైబ్రరీ దగ్గర దిగేవాళ్లలో మగవాళ్లు కూడా కలిశారు. మూడో రోజు తోలు సంచీ ఆయన చివరి స్టాపు దాకా వచ్చి, కంట్రోలరు కిటికీ ముందు నిలబడి, చేతులు ఊపుతూ చాలాసేపు మాట్లాడి వెళ్లాడు.

కంట్రోలరు గదిలోంచి బయటికొచ్చాడు. ఆయన బయటికి రావడమే వింత. బల్ల మీద కూర్చున్న డ్రైవర్లు, కండక్టర్లు కళ్లప్పగించి చూశారు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు, ఆమె బూట్ల వైపు చూస్తూ. "నీ ఒంట్లో బాగాలేదని విన్నాను. నాకూ బాధగానే ఉంది. డాక్టరు దగ్గర కాగితం తీసుకురా. పైవాళ్లతో మాట్లాడి, నీ ఒక్కదానికి ఏదో ఏర్పాటు చేయిస్తాను. ఇలా దారిలో బస్సు ఆపితే ఎలా?"

నీ ఒక్కదానికి అన్న మాట దగ్గర కొత్త కండక్టరు తల దించుకుంది. విజిలక్క అది చూసింది. ఒక్క నిమిషం కిందటైతే ఆ మాటకు ఆయనకు దండం పెట్టి ఉండేది.

"జబ్బు రాకముందు కూడా నాకు మూత్రం వచ్చేది సార్," అంది.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"పైవాళ్లకు నేనే చెప్పుకుంటాను. తప్పయితే నన్ను సస్పెండు చేయమనండి. మీరు తాళంచెవి ఇవ్వండి."

"ఆర్డరు…"

"ఆర్డరు తర్వాత తెచ్చుకుందాం. తాళంచెవి ఎక్కడుంది?"

కంట్రోలరు నీళ్లు నమిలాడు. గదిలోకి వెళ్లి సొరుగు లాగాడు, మూశాడు. ఇంకో సొరుగు లాగి, అందులోకే చూస్తూ నిలబడ్డాడు. విజిలక్క కిటికీ దగ్గర చెయ్యి చాపి ఉంది. ఆ చెయ్యి కదల్లేదు.

"లేదమ్మా," అన్నాడు చివరికి.

"ఏది లేదు?"

"తాళంచెవి. నేనిక్కడ చేరేటప్పటికే లేదు. నా ముందాయన అప్పగించలేదు, నేనూ చూసుకోకుండా సంతకం పెట్టేశాను. ఎవరో ఒకామె వచ్చి అడిగింది. పోగొట్టానంటే నా మీదికొస్తుందని, ఆర్డరు రావాలని చెప్పాను. ఆ పూటకు ఏదో ఒకటి చెప్పాలని చెప్పిందే. మళ్లీ ఎవరో అడిగారు, మళ్లీ అదే చెప్పాను." ఆయన మొదటిసారి తల ఎత్తాడు. "చెప్పీ చెప్పీ… నిజంగానే ఆర్డరు రావాలేమో అనిపించేదమ్మా నాకు."

విజిలక్కకు కోపం కాళ్లలోంచి పైకి పాకింది. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు బతికిన మొహాలన్నీ వరసగా కళ్లముందు కదిలాయి. కిడ్నీలో రాళ్లని సెలవు పెట్టినామె, కడుపుతో ఉండి కూడా ఈ బల్ల మీదే మెలికలు తిరిగినామె, వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయినామె. వీళ్లందరికీ అడ్డంగా నిలబడింది ఒక ఆర్డరు అనుకుంది ఇన్నాళ్లూ. ఆర్డరు లేదు, పైవాళ్లూ లేరు. ఒక మనిషి భయం ఉంది. అరుద్దామని నోరు తెరిచింది. కానీ పొట్ట నిండా నీళ్లున్నాయి. అరవడానికి టైము లేదు.

"అన్నా, జాకీ రాడ్డు తీసుకురా," అంది.

డ్రైవరు పరుగున తెచ్చాడు. అందరూ గది వెనక్కి వెళ్లారు. డ్రైవరు రాడ్డు ఎత్తేలోగా కంట్రోలరు ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు. నేను కొడతాను."

ఆయనకు అలవాటు లేని పని. మొదటి దెబ్బ తలుపుకు తగిలింది, రెండోది ఆయన వేలికి. వేలు నోట్లో పెట్టుకుని, తీసి, మళ్లీ కొట్టాడు. తాళం ఊడలేదు, తుప్పు పట్టిన గడియే గోడలోంచి ఊడొచ్చింది.

లోపల చెత్తా సామానూ ఉంటాయని అందరూ అనుకున్నారు. ఏమీ లేవు. రెండు చిన్న గదులు, ఒక వాష్‌బేసిన్, గోడకు అద్దం. అద్దం మీద అంగడిలో అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది. అన్నింటి మీదా వేలెడు మందాన దుమ్ము. కట్టిన రోజు నుంచి ఎవరూ ఒక్కసారి కూడా వాడలేదు.

కొత్త కండక్టరు కుళాయి తిప్పింది. అది దగ్గింది, గాలి ఊదింది, ఎర్రటి నీళ్లు కక్కింది. అందరూ చూస్తుండగా ఎరుపు పలచబడి, తెల్లబడి, ధారగా పడసాగింది.

"మీరు వెళ్లండక్కా," అంది.

"రెండున్నాయి కదే," అంది విజిలక్క. "పద."

*

నాలుగో రోజు రక్తం ఇచ్చాక డాక్టరమ్మ ఫలితాన్ని రెండుసార్లు చూసింది.

"దిగింది," అంది. "తెల్లకణాలు కూడా బాగా తగ్గాయి. కానీ ఇది మొదలే. డోసు పెరిగేకొద్దీ ఇంకా చస్తాయి, కిడ్నీల మీద ఇంకా బరువు పడుతుంది. నీళ్ల విషయంలో…"

"తాగుతోందండి," అన్నాడు భర్త. అని, భార్య వైపు అనుమానంగా చూశాడు. "తాగుతున్నావా?"

"నోటి వాసన చూడు కావాలంటే," అంది విజిలక్క. డాక్టరమ్మ ఈసారి నవ్వింది. కొత్త మాత్రల పెట్టె తెరిచి ఇచ్చింది. అవి కొంచెం పెద్దవి. విజిలక్క అందులోంచి ఒకటి గ్లాసు నిండా నీళ్లతో మింగి, ఆ రోజంతా వార్డులో పడుకుని, మర్నాడు రక్తం ఇచ్చి మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లింది.

ఒళ్లు బరువుగా ఉంది. ముందు ఇంకా ఎన్ని వారాలున్నాయో ఆమెకు తెలుసు. దారి పొడవునా తాగుతూనే ఉంది. పెట్రోలు బంకు దగ్గర డ్రైవరు అలవాటుగా వేగం తగ్గించి అద్దంలోంచి చూస్తే, వద్దని తల ఊపింది. చివరి స్టాపుకు చేరేసరికి ఇక ఒక్క కుదుపును కూడా తట్టుకునేలా లేదు. బస్సు పూర్తిగా ఆగకముందే మెట్టు దిగి గది వెనక్కి నడిచింది.

అక్కడ వరస ఉంది.

ఇద్దరు కండక్టర్లు, వాళ్ల ముందు చంకలో పిల్లనెత్తుకున్న ఒకామె, ఆమె ముందు మొన్నటి ముసలామె. కొత్త కండక్టరు చీపురు పట్టుకుని, ఒక్కొక్కరూ బయటికి రాగానే నేల మీద నీళ్లు తోస్తోంది. ఈ గది కోసం మూడు రోజులు బస్సును ఆపిన విజిలక్కకు గదిలో చోటు లేదు.

"అక్కా, మీరు ముందుకు రండి," అన్నారెవరో.

"నిలబడతాలే," అంది. కాలు మీద కాలు వేసి బిగించింది. ఆపుకోవడం చేతనైన పనే. ముందున్నది తాళం కాదు, నలుగురు మనుషులు.

బస్సు బయల్దేరే వేళ దాటింది. డ్రైవరు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. కంట్రోలరు కిటికీలోంచి తల బయటపెట్టి, గుడ్డ చుట్టిన వేలితో ఆగమని సైగ చేశాడు.

"ఉండవయ్యా," అని అరిచాడు. "లోపల ఆడవాళ్లున్నారు."